చిన్న పట్నంలో సర్కారు బడి: పిల్లలు జారేది మూడో ఏట, చదువు జారేది మూడో తరగతిలో

ఏటా ఏప్రిల్ చివర పదో తరగతి ఫలితాలు వస్తాయి. చిన్న పట్నాల్లో ప్రభుత్వ ఉన్నత పాఠశాల గేటుకు ఫ్లెక్సీ కడతారు. ఎంతమంది రాశారు, ఎంతమంది ప్యాసయ్యారు, మొదటి మూడు స్థానాలు ఎవరివి అన్నీ అందులో ఉంటాయి. ఆరేడు వారాలు తిరిగి జూన్ 12న బడి తెరిచేసరికి, అదే పట్నంలోని ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతికి పది మంది కూడా రారు. ఫలితం బాగుంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారన్నది విద్యాశాఖలో కింది నుంచి పైదాకా పాతుకుపోయిన నమ్మకం. ఏటా ఏప్రిల్, జూన్ నెలలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నమ్మకం నిలవదు.

మూడేళ్ల బిడ్డను ఎక్కడ వేయాలో తేల్చుకునే తల్లి పదో తరగతి ఫ్లెక్సీ చూడదు. పొద్దున బిడ్డను ఎవరు తీసుకెళ్తారు, సాయంత్రం దాకా ఎవరు కనిపెట్టుకుని ఉంటారు, పలక మీద చెయ్యి పట్టి దిద్దించే మనిషి ఉందా లేదా అన్నదే చూస్తుంది. ఆ వయసు పిల్లలకు మామూలు ప్రభుత్వ బడిలో చోటు లేదు. అంగన్‌వాడీ ఉంది కానీ, చిన్న పట్నంలో అది చాలాచోట్ల ఒక అద్దె గది. అది స్త్రీ శిశు సంక్షేమ శాఖ కింద నడుస్తుంది, బడి విద్యాశాఖ కింద నడుస్తుంది. కాబట్టి అంగన్‌వాడీలో అయిదేళ్లు నిండిన పిల్లల జాబితా పక్క సందులో ఉన్న హెడ్మాస్టరుకు దానంతటదే చేరదు. ప్రైవేటు బడి మాత్రం నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ అని మూడేళ్లు ముందే బిడ్డను తీసుకుంటుంది. మూడేళ్లు ఒక ఆటోకి, ఒక యూనిఫాంకి, ఒక టీచరమ్మకి అలవాటుపడిన పిల్లవాణ్ణి ఒకటో తరగతికి అక్కణ్ణుంచి మాన్పించి తెచ్చి ప్రభుత్వ బడిలో వేయమంటే ఎవరు వేస్తారు? అంటే సర్కారు బడి ప్రవేశాల తలుపు తీసేసరికే పోటీ ముగిసిపోయి ఉంటుంది.

నమోదు మీద జరిగే చర్చంతా ఈ ఒక్క విషయాన్ని దాటేసి ఇంగ్లీషు మీడియం, రంగులు, బెంచీల చుట్టూ తిరుగుతోంది. అవి అవసరం లేదని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు తొలి విడతలోనే 15,715 బడుల్లో మరుగుదొడ్లు, నీళ్లు, ఫ్యాన్లు, ప్రహరీల పనులు చేపట్టారు. తెలంగాణలో 2022 మార్చిలో మన ఊరు-మన బడి 26,065 బడులను మూడు విడతల్లో బాగుచేసే లక్ష్యంతో మొదలైంది. ఆడపిల్లలకు తలుపున్న మరుగుదొడ్డి రావడం చిన్న సంగతి కాదు. కానీ గోడ బాగుపడితే బడి నిండుతుందన్న అంచనా మాత్రం నిజం కాలేదు.

లెక్క చదివే తీరు

పిల్లల సంఖ్య తగ్గిందంటే బడి చెడిపోయిందని వెంటనే తేల్చకూడదు. తగ్గుదలలో మూడు పాయలుంటాయి. వాటిని విడదీయకుండా ఏ బడినీ మెచ్చుకోలేం, తప్పుపట్టలేం.

మొదటిది జననాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) ప్రకారం ఒక స్త్రీకి సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. అంటే ప్రైవేటుకు ఒక్కరూ వెళ్లకపోయినా ఒకటో తరగతి ఏటికేడాది చిన్నదవుతూనే ఉంటుంది. పట్నంలోని ప్రైవేటు బడులకూ ఇదే సెగ తగులుతోంది. సంక్రాంతి దాటగానే వాళ్ల మనుషులు కరపత్రాలు పట్టుకుని పల్లెల దాకా తిరగడానికి అదీ ఒక కారణం.

రెండోది పేర్ల ఏరివేత. పోస్టు నిలబడాలంటే పిల్లల సంఖ్య కావాలి కాబట్టి, గుర్తింపు లేని ప్రైవేటు బడిలో చదివే పిల్లవాడి పేరు సర్కారు బడి రిజిస్టరులోనూ నడిపించడం ఒకప్పుడు మామూలే. 2022-23 నుంచి కేంద్ర విద్యాశాఖ బడుల లెక్కలు నమోదు చేసే యూడైస్ ప్లస్‌లో బడిమొత్తంగా కాకుండా ఒక్కో విద్యార్థి పేరు, ఆధార్, శాశ్వత విద్యా సంఖ్యతో వివరాలు నింపుతున్నారు. ఒకే పిల్లవాడు రెండు చోట్ల ఉంటే బయటపడుతుంది. అందుకే 2021-22 అంకెను 2023-24 అంకె పక్కన పెట్టి ఇన్ని లక్షలమంది పారిపోయారని రాయడం పొరపాటు. వాళ్లలో కొందరు అసలు ఆ బడిలో ఎప్పుడూ కూర్చోలేదు.

ఈ రెండూ తీసేశాక మిగిలేదే నిజమైన వలస. దాన్ని పట్టుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఆ బడి అయిదేళ్ల తరగతివారీ పట్టిక తీసుకుని అడ్డంగా కాక ఏటవాలుగా చదవాలి. 2021లో ఒకటిలో ఉన్నవాళ్లు 2022లో రెండులో ఎంతమంది, 2023లో మూడులో ఎంతమంది అని. ఒకటో తరగతే చిన్నగా ఉండి ఆ తర్వాత సంఖ్య నిలబడితే బడిలో లోపం లేదు, ప్రవేశం దగ్గర ఉంది. ఒకటిలో 20 మంది చేరి మూడుకు 13కి పడితే లోపల ఏదో జరుగుతోంది. టీచరు లేరో, ఉన్నా పిల్లలకు చదువు రావడం లేదో. అయిదు నుంచి ఆరుకు పడితే హైస్కూలు దూరమో, గురుకులమో కారణం. ఈ మూడింటికీ మందులు వేరు. ఇప్పుడు అన్నిటికీ ఒకే మందు, పిల్లల్ని చేర్చమని జూన్‌లో తీసే బడిబాట ర్యాలీ.

ఇంకో లెక్క మధ్యాహ్నం దొరుకుతుంది. రిజిస్టరులో ఉన్న పేర్లు ఎన్ని, ఆ రోజు కంచం ముందు కూర్చున్నవాళ్లు ఎంతమంది? ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, ఆరు నుంచి ఎనిమిది వాళ్లకు 150 గ్రాములు. ఇవి తూకంతో లెక్కకొచ్చే విషయాలు కాబట్టి నెల మొత్తం మీద తేడా ఎక్కువకాలం దాగదు. ఆంధ్రప్రదేశ్‌లో వారానికి అయిదు గుడ్లు, తెలంగాణలో మూడు. గుడ్డు పెట్టే రోజుకూ పెట్టని రోజుకూ హాజరులో తేడా ఉందేమో చూస్తే, ఇంట్లో తిండికి ఇబ్బందిపడే పిల్లలు ఎంతమంది ఉన్నారో కూడా హెడ్మాస్టరుకు తెలిసిపోతుంది.

చిన్న పట్నంలో మరో చిక్కుంది. కోస్తా, రాయలసీమ పట్నాల్లో పాత మద్రాసు రాష్ట్రం నాటి నుంచీ మున్సిపల్ బడులున్నాయి. వాటి పక్కనే ప్రభుత్వ బడి, పొలిమేరలో మండల పరిషత్ బడి, జిల్లా పరిషత్ హైస్కూలు. మున్సిపల్ బడుల పర్యవేక్షణను 2022లో పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు గానీ, యాజమాన్యాలు వేరుగానే మిగిలాయి. ఒక బడిలో 14 మందికి ఇద్దరు టీచర్లు, అర కిలోమీటరు అవతల 70 మందికి ఇద్దరే టీచర్లు ఉన్నా సర్దడం తేలిక కాదు. సీనియారిటీ జాబితాలు, బదిలీ నిబంధనలు అడ్డొస్తాయి. తెలంగాణ పట్నాల్లో మున్సిపల్ బడుల చిక్కు లేదు కానీ, పట్నం విస్తరించి కలుపుకున్న పల్లెల్లో జనం లెక్కలు మారినా పోస్టుల లెక్కలు పాతవే ఉండిపోయిన బడులు కనిపిస్తాయి.

గీత దాటితే

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు, 121 నుంచి 200 దాకా అయిదుగురు. ఇది మెట్ల లెక్క. 61 మంది ఉన్న బడిలో ఒక్క కుటుంబం ఊరు మారితే మూడో టీచరు పోస్టు ప్రమాదంలో పడుతుంది. ఆ టీచరు వెళ్లిపోతే అయిదు తరగతులకు ఇద్దరు మిగులుతారు. అది చూసి ఇంకో నాలుగు కుటుంబాలు వెళ్లిపోతాయి. డబ్బులోనూ ఇదే. సమగ్ర శిక్షా కింద బడి నిర్వహణకు వచ్చే కాంపోజిట్ గ్రాంటు 30 మంది దాకా 10,000 రూపాయలు, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000, ఆపైన 1,000 మంది దాకా 75,000. 101 మంది 100 అయితే గ్రాంటు సగానికి పడుతుంది. కరెంటు బిల్లు, చీపుళ్లు, ఫినాయిలు, సుద్దముక్కల ఖర్చు మాత్రం సగం కాదు. బడి కుంగడం మొదలైతే నిబంధనలే దాన్ని ఇంకాస్త కిందికి తోస్తాయి.

ఒకే టీచరు ఉన్న బడిలో రోజు ఎలా గడుస్తుందో కాగితం మీద వేసి చూడండి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, గణితం. మూడు నుంచి అయిదు దాకా వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 పాఠాలు. రోజుకు ఎనిమిది పీరియడ్లు. ఏకకాలంలో రెండు మూడు తరగతుల్ని కూర్చోబెట్టి ఒకరికి చెబుతూ ఇంకొకరికి రాత పని ఇవ్వడం తప్ప దారి లేదు. ఆ టీచరే భోజనం ఫొటో ఎక్కించాలి, హాజరు యాప్‌లో వేయాలి, మీటింగుకు మండల కేంద్రానికి వెళ్లాలి. వెళ్లిన రోజు బడి అంగన్‌వాడీ ఆయమ్మ దయ మీద నడుస్తుంది. 2024-25 యూడైస్ లెక్కల్లో దేశంలో ఏకోపాధ్యాయ బడులు 1,04,125. అందులో 12,912తో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది. అదే లెక్కల్లో ఒక్క పిల్లవాడూ లేని బడులు దేశంలో 7,993, తెలంగాణలో 2,245. వీటిలో ఎక్కువ పల్లెల్లో, తండాల్లో, గూడేల్లో ఉన్నవే. అయితే పట్నం అంచు కాలనీలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. ఒక రాష్ట్రం ఏకోపాధ్యాయ బడుల దశలో ఉంది, ఇంకోటి దాని తర్వాతి దశకు చేరింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పరిస్థితికి ఒక ఉత్తర్వు చాలా దోహదం చేసింది. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 బడులను ఆరు రకాలుగా విడదీసి, కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతుల్ని అక్కడికి మార్చింది. ఉద్దేశం మంచిదే. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచరు చెబుతారు, టీచర్ల కొరత సర్దుకుంటుంది అని. పట్నంలో కిలోమీటరు దూరం పెద్దదేం కాదనుకున్నారు. కానీ ఆ కిలోమీటరులో బస్టాండు రోడ్డో, రైల్వే గేటో ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల ఒంటరిగా దాటలేదు. అయిదో తరగతి అక్క, మొదటి తరగతి తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లే ఏర్పాటు విరిగిపోయింది. ఇద్దరూ వేర్వేరు బడులు, వేర్వేరు వేళలు. ఎలాగూ ఆటో పెట్టాలన్నప్పుడు ఆ ఆటో ప్రైవేటు బడి వైపు తిరిగింది. ఇటు ఒకటి, రెండు తరగతులే మిగిలిన బడి ఒకే టీచరుతో ఊపిరి బిగబట్టింది.

2025లో ప్రభుత్వం ఆ ఉత్తర్వును ఉపసంహరించి తొమ్మిది రకాల బడుల కొత్త అమరిక తెచ్చింది. తొమ్మిది వేలకు పైగా మోడల్ ప్రైమరీ స్కూళ్లలో తరగతికో టీచరు అన్నది అందులో అసలైన మంచి నిర్ణయం. అదే ఏడాది 16,347 పోస్టుల మెగా డీఎస్సీ జరిగింది. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు. ఇవి కావలసిన పనులు. అయితే మూడేళ్లలో రెండుసార్లు బడి రూపం మారింది. ఈ బడి వచ్చే ఏడు ఇక్కడ ఉంటుందో లేదో తెలియని తండ్రి బిడ్డను ఎక్కడ చేర్చుతాడో చెప్పనక్కర్లేదు. ఇప్పుడున్న అమరికను కనీసం అయిదేళ్లు కదపబోమని రాతపూర్వకంగా చెప్పడం ఏ పథకంకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

డబ్బు పథకాల సంగతి రెండు మాటల్లో ముగించవచ్చు. 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి అయినా, 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం అయినా ప్రైవేటు బడి పిల్లలకూ వర్తిస్తాయి. ఏడాదికి 15,000 చొప్పున, అందులో కొంత బడి నిర్వహణకు పోను, తల్లి ఖాతాలో పడే సొమ్ము పేద ఇంటికి గొప్ప ఆసరా. పిల్లలు బడి మానకుండా ఆపుతుంది. కానీ ఏ బడి అన్నది తల్లి ఇష్టం కాబట్టి చిన్న పట్నంలో అది ఫీజు కట్టే స్తోమతను కూడా ఇస్తుంది. సర్కారు బడి నమోదు పెంచే సాధనంగా దాన్ని చూడటం మొదటినుంచీ పొరపాటే.

అమ్మ అనే మాట దగ్గర ఆగిన చదువు

కోవిడ్ తర్వాత ఒక అరుదైన అవకాశం వచ్చింది. గ్రామీణ భారతం మీద జరిపే అసర్ సర్వే ప్రకారం 6-14 ఏళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవాళ్లు 2018లో 65.6 శాతం, 2022లో 72.9 శాతం, 2024లో 66.8 శాతం. ఫీజులు కట్టలేక వచ్చిన కుటుంబాలు బడి లోపల ఎలా ఉందో రెండేళ్లు కళ్లారా చూశాయి. చూసి వెళ్లిపోయాయి. ప్రచారం లేకపోవడం వల్ల పిల్లలు రావడం లేదన్న వాదనకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు.

ఎందుకు వెళ్లిపోయారన్నదానికి అదే సర్వేలో ఆధారం ఉంది. 2024లో దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. 2022లోని 16.3 కంటే ఇది బాగా మెరుగే, 2018లోని 20.9 కంటే కూడా కాస్త మెరుగే. అయినా నలుగురిలో ముగ్గురికి ఆ పాఠం చదవడం రాదు.

తెలుగు చదవడంలో పిల్లవాడు ఎక్కడ ఆగుతాడో ప్రాథమిక తరగతులు చెప్పే ప్రతి ఎస్జీటీకి తెలుసు. అచ్చులు, హల్లులు వస్తాయి. ‘తల, వల, పలక’ వస్తాయి. గుణింతాల దగ్గర వేగం పడిపోతుంది. ఇకారం, ఈకారం, ఎకారం, ఏకారం తేడా కంటికి పట్టదు. అది దాటితే ద్విత్వాలు. ‘అమ్మ’ అన్న మాటను బొమ్మ చూసి చెబుతాడు, ‘దమ్ము’ అని రాసిస్తే ఆగిపోతాడు. ఆ తర్వాత ‘చక్రం, పద్మం’ లాంటి సంయుక్తాక్షరాలు. ఒత్తులు రాని పిల్లవాడు మూడో తరగతి పరిసరాల విజ్ఞానం పుస్తకం తెరిస్తే ప్రతి వాక్యంలో రెండు మూడు గోడలు తగులుతాయి. దాని పక్క పేజీలో ఇంగ్లీషు ఉంటుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాషగా ద్విభాషా పుస్తకాలున్నాయి. ఆలోచన బాగుంది. కానీ ఏ పేజీ చదవడం రాని పిల్లవాడికి పుస్తకం బరువు రెట్టింపయింది, అంతే. మీడియం గురించిన వాదన ఈ పిల్లవాడి దగ్గర అర్థం కోల్పోతుంది.

లెక్కల్లో ఆగే చోటు కూడా అంతే ఖచ్చితం. 52 లోంచి 27 తీసేయమంటే చాలామంది 35 అని రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి తిరగేసి ఏడులోంచి రెండు తీసేస్తారు. పదుల స్థానం నుంచి అప్పు తేవడం తెలియక, సంఖ్యల వెనక పుల్లల కట్టలు కనబడక చేసే తప్పు ఇది. ఆ పిల్లవాడికి నాలుగో తరగతిలో భాగహారం చెబితే ప్రయోజనం లేదు.

దీనికి మందు తెలియనిది కాదు. మూడో తరగతిలో 30 మంది ఉంటే ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని అయిదు నిమిషాలు చదివిస్తే రెండున్నర గంటల్లో తరగతి మొత్తం తేలిపోతుంది. అక్షరం, పదం, వాక్యం, కథ ఈ నాలుగు మెట్లలో ఎవరెక్కడున్నారో రాసుకోవాలి. రోజూ ఒక గంట 3, 4, 5 తరగతుల పిల్లలందర్నీ కలిపి, తరగతిని బట్టి కాక మెట్టును బట్టి గుంపులు చేయాలి. అయిదో తరగతి పిల్లవాడు పదం దగ్గరే ఉంటే మూడో తరగతి వాళ్లతో కూర్చోవాలి. ఆరు వారాలకోసారి మళ్లీ చదివించి గుంపు మార్చాలి. 2022 ఆగస్టులో తెలంగాణ మొదలుపెట్టిన తొలిమెట్టు మూలంలో ఇలాంటిదే. అది చాలాచోట్ల చతికిలబడటానికి కారణం పద్ధతి కాదు. గుంపులు చేయాలంటే కనీసం ముగ్గురు టీచర్లుండాలి. ఉన్నది ఇద్దరే, అందులో ఒకరు ఆ రోజు శిక్షణకో, సర్వేకో వెళ్లి ఉంటారు. రెండోది, ఏ పిల్లవాడు ఏ మెట్టులో ఉన్నాడన్నది పై అధికారికి పంపే నివేదికగా మారిన రోజునుంచీ అందరూ పై మెట్టులోనే కనిపించడం మొదలవుతుంది. ఆ కాగితం టీచరు బల్ల సొరుగులో ఉండాలి, యాప్‌లో కాదు.

పదో తరగతి శాతం ఏం చెబుతుంది

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం. రెండేళ్లలో 19 పాయింట్లు పైకి, మరుసటి ఏడు అయిదున్నర పాయింట్లు కిందికి. పిల్లల చదువు ఇంత వేగంగా మారదు. 2020, 2021లలో పరీక్షలే లేకుండా ప్యాస్ చేశారు, ఆ తర్వాత పేపర్లు పదకొండు నుంచి ఏడుకు, ఏడు నుంచి ఆరుకు తగ్గాయి. మారింది పరీక్ష. తెలంగాణలో 2025 ఉత్తీర్ణత 92.78 శాతం. అక్కడ 20 మార్కులు బడిలో వేసే అంతర్గత మార్కులు, 80 మార్కులకు పరీక్ష. ఆంధ్రప్రదేశ్‌లో అంతర్గత మార్కులు లేవు, మొత్తం 100కీ పరీక్షే. ఈ తేడా చెప్పకుండా రెండు రాష్ట్రాల బడులను పోల్చడం న్యాయం కాదు.

బడి స్థాయిలో ఈ శాతం ఇంకా మోసగిస్తుంది. 40 మంది రాసి 38 మంది ప్యాసయితే 95 శాతం. కానీ నాలుగేళ్ల కిందట ఆరో తరగతిలో చేరినవాళ్లు 62 మంది అయితే? మధ్యలో వెళ్లిన 22 మంది ఎక్కడున్నారు? కొందరు టీసీ తీసుకుని వేరే బడికి పోయారు, కొందరు తల్లిదండ్రులతో వలస పోయారు, కొందరు మిర్చి కోతకో, సెల్‌ఫోన్ షాపులో పనికో పోయారు. ఫ్లెక్సీ మీద 95 కాకుండా 62లో 38 అని రాస్తే పట్నానికి తన బడి గురించి నిజం తెలుస్తుంది. వెళ్లినవాళ్లలో వేరే బడిలో చేరినవాళ్లను విడిగా చూపించడానికి శాశ్వత విద్యా సంఖ్య ఇప్పుడు పనికొస్తుంది కూడా.

ఇంకో అన్యాయం ఉంది, దాన్ని ఎవరూ మాట్లాడరు. పట్నం హైస్కూలుకు చేరేది ఏరగా మిగిలిన పిల్లలు. అయిదో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి గురుకులాలు కొందర్ని తీసుకుంటాయి. ఆరో తరగతిలో నవోదయ, మోడల్ స్కూలు ఇంకొందర్ని తీసుకుంటాయి. కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఆడపిల్లల్ని తీసుకుంటాయి. ఇవన్నీ ప్రభుత్వ బడులే, పేద పిల్లలకు ఎంతో మేలు చేసినవే. కానీ చదువు వచ్చిన పిల్లల్ని ముందే ఏరుకున్న గురుకులం ఫలితాన్ని, మిగిలినవాళ్లకు చదువు చెప్పిన జిల్లా పరిషత్ హైస్కూలు ఫలితంతో పోల్చి, రెండోదాని హెడ్మాస్టరుకు మెమో ఇవ్వడం తగదు.

ఆ హైస్కూలు లోపల ఏం తెగుతుందో కూడా చూడాలి. ఆరు నుంచి పది దాకా అయిదు సెక్షన్లకు రోజుకో గణితం పీరియడ్ అంటే వారానికి 30 పీరియడ్లు. అది ఒక్క గణితం టీచరు (స్కూల్ అసిస్టెంట్) మీదే. ఆమె ప్రసూతి సెలవు పెడితే ఆరు నెలలు బడి మొత్తానికీ లెక్కలు ఉండవు. వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద వేరే బడినుంచి మనిషిని వేసేసరికి త్రైమాసిక పరీక్షలు దాటిపోతాయి. డిసెంబరులో మొదలయ్యే ప్రత్యేక తరగతులు పదో తరగతిని గట్టెక్కిస్తాయి కానీ, దానికోసం ఆరు, ఏడు తరగతుల పీరియడ్లు బలవుతాయి. మూడు నాలుగేళ్ల తర్వాత వాళ్లే పదో తరగతికి వస్తారు.

పట్నం హైస్కూలుకు ఇప్పుడు అనుకూలించే సంగతులు కూడా ఉన్నాయి. ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు స్కోరు కలుస్తుంది. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఇది ప్రైవేటు బడి పిల్లలకు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు ఆరో తరగతికి పట్నం రావడానికి బస్సు చార్జీ ఇక అడ్డు కాదు. డిపో మేనేజరుతో మాట్లాడి బస్సు వేళను బడి గంటకు కలిపితే చాలు. ఈ మూడు సంగతులూ అయిదో తరగతి తల్లిదండ్రులకు ఫిబ్రవరిలోనే చెప్పాలి. రికార్డు షీటు చేతికొచ్చాక చెబితే అప్పటికే ప్రైవేటు బడి అడ్వాన్సు తీసేసుకుని ఉంటుంది.

సంక్రాంతి నుంచి జూన్ దాకా

పని క్యాలెండరును మార్చాలి. ప్రైవేటు బడుల ప్రవేశాలు జనవరిలో మొదలై మార్చికి ముగుస్తాయి. సర్కారు బడి బడిబాట జూన్‌లో మొదలవుతుంది.

జనవరి మూడో వారంలో ప్రతి ప్రాథమిక బడి హెడ్మాస్టరు తన పరిధిలోని అంగన్‌వాడీల నుంచి మూడు, నాలుగు, అయిదేళ్ల పిల్లల పేర్లు తీసుకోవాలి. అంగన్‌వాడీలు వాడే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఆ పేర్లు తల్లి వివరాలతో సహా ఉంటాయి. అడగడమే ఆలస్యం. దీనికి అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజరు, మండల విద్యాధికారి (ఎంఈవో) కలిసి సంతకం చేసిన ఒక్క కాగితం చాలు. ఆ పట్టికలో లేని పిల్లలు వార్డులో ఇంకెవరున్నారో ఆశా కార్యకర్తకు తెలుసు.

గది ఖాళీగా ఉన్న ప్రతి ప్రాథమిక బడిలోకి అంగన్‌వాడీని మార్చాలి. పట్నంలో పిల్లలు తగ్గిన బడుల్లో గదులకు కొదవ లేదు. పక్కనే అద్దె గదిలో అంగన్‌వాడీ నడపడం డబ్బూ దండగ, పిల్లలూ దండగ. అయితే తరలిస్తే సరిపోదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం బడి వదిలేదాకా ఉండాలి, చిన్న పిల్లలు పడుకునే చోటు ఉండాలి, వాళ్లకు తగిన ఎత్తులో మరుగుదొడ్డి ఉండాలి, అక్షరం కన్నా ముందు కథ, పాట, పూసలు గుచ్చడం నేర్పే మనిషికి శిక్షణ ఉండాలి. తెలంగాణ 2025-26లో ఎంపిక చేసిన కొన్ని బడుల్లో ప్రీ-ప్రైమరీ మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ కొత్త అమరికలో పీపీ-1, పీపీ-2 అనే ప్రీ-ప్రైమరీ తరగతులు కాగితం మీద ఉన్నాయి. వాటికి మనిషి, గది, గంటలు ఇవ్వడంలోనే ఉంది అంతా.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆ జాబితాలోని తల్లుల్ని బడికి పిలవాలి. ఉపన్యాసాలు వద్దు. రెండో తరగతి పిల్లలు పుస్తకంలో ఒక పేజీ తెరిచి చదువుతుంటే ఆ తల్లులు వింటే చాలు. చదవలేకపోతే ఆ సమావేశం పెట్టకూడదు, ముందు చదివించడం నేర్పాలి. ఏ టీచరు వచ్చే ఏడు ఏ తరగతి చెబుతారో ఆ రోజే చెప్పాలి, బదిలీలున్నా ఎంఈవో హామీతో చెప్పాలి. సాయంత్రం బడి వదిలాక ఆరింటిదాకా పిల్లల్ని చూసే ఏర్పాటు కావాలేమో అడగాలి. మిల్లుల్లో, దుకాణాల్లో పనిచేసే తల్లులున్న వార్డుల్లో మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఒక వలంటీరుకు గౌరవ వేతనం ఇచ్చి బడి ఆవరణలోనే కూర్చోబెట్టడానికి పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం, మున్సిపాలిటీ నుంచి కొద్దిపాటి సొమ్ము చాలు.

మార్చిలో ప్రవేశాలు పూర్తి చేసి ఏప్రిల్ 23న సెలవులు ఇచ్చేలోపు ఒకటో తరగతి పిల్లల చేతికి ఒక బొమ్మల పుస్తకం, పలక ఇచ్చి పంపాలి. పోస్టుల లెక్క కూడా తొందరగా తేలాలి. కేరళలో బడి తెరిచిన ఆరో పనిదినం నాడు తలలు లెక్కపెట్టి దాన్నిబట్టి పోస్టులు నిర్ణయిస్తారు. మన దగ్గర సర్దుబాట్లు ఆగస్టు, సెప్టెంబరు దాకా సాగుతాయి, ఈలోగా తరగతి గదిలో కొత్తగా చేరిన పిల్లవాడు టీచరు ముఖం చూడకుండా ఇంటికెళ్తాడు. జూన్ మూడో వారానికి ప్రతి తరగతిలో మనిషి నిలబడాలంటే ఎంఈవోకు తన మండలం లోపల, యాజమాన్యంతో సంబంధం లేకుండా, ఆ ఏడాది వరకు టీచరును పంపే అధికారం ఉండాలి.

ఇక జూన్ 12న. ముందే చేర్చుకున్న పిల్లల జాబితా ఆ రోజు పొద్దున బడి గోడ మీద ఉండాలి. సాయంత్రానికి ఎవరు రాలేదో టిక్కు పెట్టాలి. 13వ తేదీ బడి వదలగానే ఒకటో తరగతి టీచరు ఆ ఇళ్లకు వెళ్లాలి.